నెట్ తెగినా ఆగని సొంత ప్లాట్‌ఫామ్: కంటైనర్లతో ఎలా కట్టుకోవాలి

ఇందుకూరుపేట మండలంలో మా బాబాయివి, ఆయన పక్క రైతులవి కలిపి పన్నెండు రొయ్యల గుంటలున్నాయి. నీళ్లలో డీఓ (కరిగిన ఆక్సిజన్) ఎంతుంది, ఏ గుంటకి ఎంత మేత పడింది, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, ఇవన్నీ మనదైన ఒక ప్లాట్‌ఫామ్‌లో ఉండాలని మొదలుపెట్టాం. మొదటిసారి కట్టినప్పుడు అన్నీ తీసుకెళ్లి ఒకే అద్దె సర్వర్ మీద పెట్టాను. రీడింగులు నేరుగా అక్కడికి పోయేవి. అక్కడి ప్రోగ్రామ్ చూసి, డీఓ తగ్గితే ఫోన్‌కి మెసేజ్ పంపేది. కొన్నాళ్లు బాగానే నడిచింది.

ఒక వాన రాత్రి గట్టు దగ్గర నెట్ పోయింది. కొత్త రీడింగ్ రాకపోయేసరికి స్క్రీన్ చివరిగా వచ్చిన 5.2నే పచ్చరంగులో చూపిస్తూ ఉండిపోయింది. తెల్లవారుజామున బాబాయి ఫోన్ చేశాడు. "ఏంది నాయనా, నీ బొమ్మలో పచ్చగా ఉండాది, ఇక్కడ రొయ్యలు పైకొచ్చి తేలతా ఉండాయి!" ఏరేటర్ ఒకటి ట్రిప్ అయింది. కాపలా మనిషి టార్చిలైటుతో అటు రావడం వల్ల గుంట దక్కింది.

ఆ తర్వాత మొత్తం విప్పి మళ్లీ కట్టాను. ఎలా కట్టానో వరసగా చెప్తాను. మీది చీమకుర్తిలో గ్రానైట్ యూనిట్ కావచ్చు, ఒంగోల్లో రెండు బ్రాంచిల స్కూలు కావచ్చు. గుంటల చోట మీ పని పెట్టుకుని చదవండి.

ముందు కాగితం మీద

కంప్యూటర్ తెరవకండి. ఒక తెల్లకాగితం తీసుకుని మీ పని జరిగే చోట్లు గీయండి. మాకు మూడు: గట్టు మీది షెడ్డు, నెల్లూరు ఊళ్లో ఆఫీసు గది, బయట డేటా సెంటర్‌లో అద్దెకి తీసుకున్న చిన్న సర్వర్. వాటి మధ్య గీతలు గీయండి. ఇప్పుడు ఒక్కో గీతనీ పెన్నుతో కొట్టేస్తూ రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది తెగితే ఏ పని ఆగుతుంది? ఎంతసేపు ఆగితే నష్టం మొదలవుతుంది?

మాకు వచ్చిన జవాబులివి. డీఓ అలారం పావుగంట కూడా ఆగకూడదు. రాత్రంతా నీళ్లలో ఉన్న ప్రాణమంతా ఆక్సిజన్ వాడుకుంటుంది, వెలుతురు లేక కొత్తది తయారు కాదు, అందుకే తెల్లవారకముందు డీఓ బాగా పడిపోతుంది. లీటరుకి 4 మిల్లీగ్రాముల కిందికొస్తే జాగ్రత్త పడాలి, 3 కిందికి పోతే పరుగెత్తాలి. మేత ఎంట్రీ షెడ్డులో నమోదైతే చాలు, ఆఫీసుకి రేపు చేరినా పర్లేదు. జమాఖర్చులు రెండు రోజులు ఆగినా ఎవరికీ ఇబ్బంది లేదు. గుంటల ఫొటోలు వారం ఆగొచ్చు.

ఈ జవాబుల్లోనే డిజైన్ ఉంది. పావుగంట ఆగకూడని పని గట్టు మీదే పూర్తవ్వాలి, దానికి నెట్ అవసరమే ఉండకూడదు. మన జిల్లాలో నీటిపారుదల అలాగే ఉంటుంది కదా. సోమశిలలో నీళ్లు పట్టి, కాలువల్లో వదిలి, ఊరి చెరువు నింపుతారు. పైన కాలువ కట్టేసినా చెరువులో ఉన్నన్నాళ్లు తడికి ఇబ్బంది లేదు. మీరు కట్టే ప్లాట్‌ఫామ్‌లో కూడా ప్రతి చోటా ఒక చెరువు ఉండాలి. నేరుగా కాలువ మీదే ఆధారపడిన మడి ముందు ఎండుతుంది.

ఎన్నాళ్లకి సరిపడా? 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగాయి. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, ఆ వానలకి ఇక్కడ కూడా అంతా అస్తవ్యస్తమైంది. మన తీరంలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇది మామూలే. అందుకని షెడ్డు ఏడు రోజులు ఒంటరిగా బతకాలి అని రాసుకున్నాను. మీరూ ఒక అంకె రాసుకోండి. తర్వాత డిస్కు ఎంత కొనాలి, పంపాల్సినవి ఆగే క్యూ ఎంత పెట్టాలి అన్నవన్నీ ఆ అంకెని బట్టే తేలతాయి.

ఏ లెక్క ఎవరి చేతిలో

డిస్ట్రిబ్యూటెడ్, అంటే పలు చోట్ల పంచి నడిపే వ్యవస్థ అనగానే చాలామంది ఒకే డేటాబేస్‌ని మూడు చోట్లా పెట్టి, మూడు చోట్లా రాయనివ్వాలని చూస్తారు. దయచేసి ఆ దారిలో పోకండి. చోట్ల మధ్య నెట్ తెగినప్పుడు రెండే దారులుంటాయి. రెండు వైపులా రాయనిచ్చి లెక్కలు వేరుపడటానికి ఒప్పుకోవాలి, లేదా ఒక వైపు రాయడం ఆపాలి. 2000లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఎరిక్ బ్రూవర్ ఈ మాట చెప్పాడు, 2002లో గిల్బర్ట్, లించ్ దీన్ని గణితంగా నిరూపించారు. ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా దీన్ని తప్పించుకోలేం.

తప్పించుకోలేం కానీ, ఆ చిక్కు రాకుండా పని పంచుకోవచ్చు. ప్రతి రకం లెక్కకీ రాసే చోటు ఒక్కటే ఉండాలి. డీఓ, పీహెచ్, ఉప్పుశాతం షెడ్డు రాస్తుంది, ఆఫీసు కాపీ చూస్తుంది. గుంటల జాబితా, ఎప్పుడు పిల్ల వేశాం, ఏ హేచరీది, ఇవి ఆఫీసు రాస్తుంది, షెడ్డు చదువుతుంది. జమాఖర్చు ఆఫీసుదే.

మేత దగ్గర మాత్రం కాస్త ఆలోచించాల్సి వచ్చింది. రేపు రెండో షెడ్డు పెడితే ఒకే గోడౌన్ నుంచి రెండు షెడ్లూ బస్తాలు తీసుకెళ్తాయి. "మిగిలినవి 40" అని రెండు చోట్లా దాచి, రెండూ తలా ఐదు తీసేస్తే, నెట్ కలిశాక రెండూ "35" అంటాయి. నిజంగా ఉన్నవి 30. మన పాత గుమాస్తాలు దీనికి ఎప్పుడో మార్గం కనిపెట్టారు. చిట్టాలో ఏ రోజు ఏం జరిగిందో వరసగా రాస్తారు, దాన్నుంచి ఆవర్జాకి ఎక్కిస్తారు. నిల్వ అనేది లెక్క కట్టి తేల్చే అంకె, చేత్తో దిద్దే అంకె కాదు. మీ డేటాబేస్‌లో కూడా "మిగిలింది ఇంత" అనే గడి పెట్టకండి. "ఈ షెడ్డు, ఈ టైముకి, ఐదు బస్తాలు తీసుకుంది" అనే వరసలు మాత్రమే పెట్టండి. రెండు చిట్టాలు ఎప్పుడు కలిసినా కూడిక తప్పదు. ఈ ఒక్క మార్పు నాకు ఎంత టెన్షన్ తగ్గించిందో చెప్పలేను.

యంత్రాలు, కరెంటు, గడియారం

షెడ్డులో ఒక రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే కంప్యూటర్) లేదా చిన్న మినీ పీసీ చాలు. మెమరీ కార్డు మీద డేటాబేస్ నడపకండి, పదేపదే రాస్తే కార్డు అరిగి చచ్చిపోతుంది, చిన్న ఎస్ఎస్‌డీ పెట్టండి. సముద్రపు గాలికి ఫ్యాన్ తిరిగే పెట్టె లోపల ఉప్పు పేరుకుంటుంది, కాబట్టి ఫ్యాన్ లేని పెట్టె తీసుకుని, మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ బాక్సులో పెట్టండి. ఆఫీసుకి 16 జీబీ మెమరీ, రెండు డిస్కులు ఉన్న పాత డెస్క్‌టాప్ సరిపోతుంది. అద్దె సర్వర్ అన్నిటికంటే చిన్నది, 1 జీబీ మెమరీది, తీసుకోండి. రెండు చోట్లా యూపీఎస్ ఉండాలి, బ్యాటరీ అడుగంటేలోపు యంత్రం తనంతట తాను సరిగ్గా ఆఫ్ అయ్యేలా నట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టండి.

గడియారం గురించి ఎవరూ ముందు చెప్పరు. రాస్ప్‌బెర్రీ పై 4లో బ్యాటరీ గడియారం లేదు. 5లో ఉంది గానీ బ్యాటరీ విడిగా కొనాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు నెట్ ఉంటే అది టైము తెచ్చుకుంటుంది. నెట్ లేకపోతే ఆఫ్ అయిన క్షణం దగ్గర్నుంచే మళ్లీ లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. కరెంటు లేని ఆ రెండు గంటలూ దానికి తెలియవు. మా షెడ్డులో ఒకసారి తెల్లవారి నాలుగింటి రీడింగులన్నీ రెండింటివిగా పడ్డాయి. మర్నాడు చార్టు చూసి, అర్ధరాత్రి దాటాకే డీఓ పడిపోయిందేంటని మేమంతా గుంట అడుగు మట్టిని అనుమానించాం. మట్టి తప్పేం లేదు. డీఎస్3231 అనే చిన్న గడియారం మాడ్యూల్, దానికి సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ పెట్టాక సరిపోయింది.

గడియారాన్ని అప్పటికీ పూర్తిగా నమ్మకండి. ప్రతి రీడింగ్‌కీ టైముతో పాటు ఒక వరస నంబరు ఇవ్వండి: 1, 2, 3 అని పెరుగుతూ పోయేది. టైము తప్పినా ముందేది, వెనకేది అన్నది చెడదు.

ఇంకొకటి. కంటైనర్ (అదేంటో కింద చెప్తాను) లోపల టైము సాధారణంగా యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. మన తెల్లవారి నాలుగు దానికి ముందు రోజు రాత్రి పదిన్నర. దాచేటప్పుడు యూటీసీలోనే దాచండి, చూపించేటప్పుడు మాత్రమే మన టైముకి మార్చండి. రోజువారీ మొత్తాలు తీసేటప్పుడు ఏ తేదీ వాడుతున్నారో రెండుసార్లు చూసుకోండి, లేకపోతే అర్ధరాత్రి నుంచి ఐదున్నర దాకా రీడింగులన్నీ నిన్నటి ఖాతాలో పడతాయి.

కంటైనర్లుగా ఎక్కడ విడదీయాలి

కంటైనర్ అంటే చిన్న కంప్యూటర్ కాదు. అదే లినక్స్ కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) మీద నడిచే మామూలు ప్రోగ్రామే, కాకపోతే దానికి తన ఫైళ్లు, తన నెట్‌వర్క్, తన మెమరీ వాటా తప్ప ఇంకేం కనపడకుండా గోడ కట్టి ఉంటుంది. 2013లో డాకర్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఇది అందరి చేతికీ వచ్చింది. ఇమేజ్ అనేది అచ్చు, కంటైనర్ ఆ అచ్చుతో పోసిన ఇటుక, వాల్యూమ్ మీ డేటా ఉండే చోటు. ఇటుక పగిలితే ఇంకోటి పోసుకోవచ్చు. డేటా వాల్యూమ్‌లో లేకపోతే కంటైనర్ తీసేసినప్పుడు దానితోనే పోతుంది.

విడదీసేటప్పుడు నేను రెండే చూస్తాను. ఇది చెడితే పక్కది నడవాలా? దీన్ని విడిగా అప్‌డేట్ చేయాల్సి వస్తుందా? రెంటికీ కాదు అని వస్తే కలిపే ఉంచండి. ఆరుగురు వాడే ప్లాట్‌ఫామ్‌ని ఇరవై ముక్కలు చేస్తే, రాత్రి పూట ఏ ముక్క ఆగిందో వెతుక్కోవడమే పనవుతుంది.

మా షెడ్డులో నాలుగు కంటైనర్లు. సెన్సార్ల నుంచి రీడింగులు అందుకునే మస్కిటో అనే ఎంక్యూటీటీ బ్రోకర్ (మెసేజ్‌లు అందుకుని అడిగినవాళ్లకి పంచేది), వాటిని ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ఫైల్‌లో రాసి ఆఫీసుకి పంపే ప్రోగ్రామ్, అలారం, షెడ్డు గోడ మీది స్క్రీన్‌కి ఒక పేజీ. అలారాన్ని పంపే ప్రోగ్రామ్‌లో కలపలేదు. పంపేది ఎప్పుడైనా ఆగొచ్చు, అలారం ఆగకూడదు. అది బ్రోకర్ నుంచి నేరుగా వింటుంది, రిలే ద్వారా హూటర్ మోగిస్తుంది. డీఓ తగ్గితే ఒక రకంగా మోగుతుంది, పదిహేను నిమిషాలు ఏ రీడింగూ రాకపోతే ఇంకో రకంగా మోగుతుంది. మౌనాన్ని కూడా ప్రమాదంగానే చూడాలని ఆ వాన రాత్రి నాకు నేర్పింది.

ఆఫీసులో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్, మా అప్లికేషన్, చార్టులకి గ్రఫానా, ఫొటోలకీ కాగితాలకీ నెక్స్ట్‌క్లౌడ్. అద్దె సర్వర్‌లో కాడీ అనే వెబ్ సర్వర్ ఒక్కటే.

కంపోజ్ ఫైల్‌లో మర్చిపోకూడనివి

ప్రతి చోటుకీ ఒక కంపోజ్ ఫైల్, అంటే అక్కడ ఏ కంటైనర్లు ఎలా నడవాలో చెప్పే ఫైల్ రాయండి. మూడూ ఒకే గిట్ రిపాజిటరీలో (మార్పులన్నీ గుర్తుంచుకునే ఫోల్డర్) ఉండాలి. పాస్‌వర్డులు మాత్రం అందులో పెట్టకండి, యంత్రం మీదే విడి ఫైల్‌లో ఉంచండి.

ఇమేజ్ పేరు పక్కన "లేటెస్ట్" అని వదిలేయకండి. పోస్ట్‌గ్రెస్ 16 రాసిన డేటా ఫోల్డర్‌ని 17 ఇమేజ్ తెరవదు. ఏదో పని మీద ఇమేజ్ మళ్లీ దించుకున్న పూట డేటాబేస్ లేవకపోతే చేతులు వణుకుతాయి. వెర్షన్ నంబరు రాయండి, పెద్ద వెర్షన్ మారేటప్పుడు డంప్ (డేటా మొత్తం ఒక ఫైల్‌గా) తీసి కొత్తదాంట్లో ఎక్కించండి.

లాగ్‌లకి (ప్రోగ్రామ్‌లు రాసే దినచర్యలకి) హద్దు పెట్టండి. డాకర్ మామూలుగా లాగ్‌లని జేసన్ ఫైళ్లలో రాస్తుంది, మీరు చెప్పకపోతే అవి ఎంతైనా పెరుగుతాయి. మా షెడ్డులో ఒక సెన్సార్ వైరు ఎలుక కొరికింది. ప్రోగ్రామ్ సెకనుకి పదిసార్లు "సెన్సార్ దొరకలేదు" అని రాస్తూ పోయింది. కొన్నాళ్లకి డిస్కు నిండింది. ఎస్‌క్యూలైట్ కొత్త వరస రాయలేకపోయింది, బాగున్న పదకొండు గుంటల రీడింగులు కూడా ఆగాయి. ఒక్కో ఫైల్ 10 ఎంబీ, అలాంటివి మూడు అని రెండు లైన్లు రాసి ఉంటే ఇది జరిగేది కాదు.

ప్రతి కంటైనర్‌కీ మెమరీ హద్దు పెట్టండి. హద్దు దాటితే కెర్నల్ దాన్ని చంపేస్తుంది, అప్పుడు 137 అనే ఎగ్జిట్ కోడ్ కనపడుతుంది. ఆ నంబరు చూస్తే ముందు మెమరీనే అనుమానించండి. రీస్టార్ట్ పాలసీ "అన్‌లెస్ స్టాప్డ్" పెట్టండి, కరెంటు వచ్చాక అన్నీ వాటంతట అవే లేవాలి. హెల్త్‌చెక్ (కంటైనర్ బాగుందో లేదో చూసే పరీక్ష) రాయండి, అప్లికేషన్ పోస్ట్‌గ్రెస్ "హెల్దీ" అన్నాకే మొదలయ్యేలా చూడండి.

పోర్టుల దగ్గర ఒక పెద్ద ఉచ్చు ఉంది. మీరు యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌లో పోస్ట్‌గ్రెస్ పోర్టు 5432 మూసేశామని ధీమాగా ఉంటారు. కంపోజ్‌లో అదే పోర్టు బయటికి తెరిస్తే డాకర్ తన సొంత ఐపీటేబుల్స్ (లినక్స్ నెట్‌వర్క్ వడపోత) నియమాలు రాసుకుంటుంది, యూఎఫ్‌డబ్ల్యూ దాన్ని ఆపలేదు. డేటాబేస్ లోకమంతటికీ తెరిచి ఉంటుంది. డేటాబేస్‌కి పోర్టు అసలు తెరవకండి, ఒకే డాకర్ నెట్‌వర్క్‌లో ఉన్న కంటైనర్లు పేరుతోనే మాట్లాడుకుంటాయి. తెరవక తప్పనివాటికి ముందు 127.0.0.1, అంటే ఈ యంత్రానికి మాత్రమే, అని రాయండి.

షెడ్డుకి కొత్త ఇమేజ్ పంపేటప్పుడు రెండు మాటలు. రాస్ప్‌బెర్రీ పై మీద నడవాలంటే ఇమేజ్ దాని ప్రాసెసర్ రకమైన ఆర్మ్ 64కి కూడా తయారై ఉండాలి. ఇక గట్టు దగ్గర సిగ్నల్‌తో వందల ఎంబీలు దించుకోవడం అయ్యే పని కాదు. ఆఫీసులో "డాకర్ సేవ్"తో ఫైల్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, మేత బండిలో వెళ్లి అక్కడ "డాకర్ లోడ్" చేస్తాను.

మూడు చోట్లనీ కలపడం

మన ఇళ్లకీ షెడ్లకీ వచ్చే నెట్ కనెక్షన్లకి ఎక్కువగా సొంత పబ్లిక్ అడ్రస్ ఉండదు, ప్రొవైడర్ ఒకే అడ్రస్ వెనక చాలామందిని పెడతాడు. బయటి నుంచి లోపలికి రాలేం, లోపలి నుంచి బయటికి పోగలం. అందుకే అద్దె సర్వర్. షెడ్డు, ఆఫీసు రెండూ వైర్‌గార్డ్‌తో, అంటే నెట్ మీద తాళం వేసిన సొంత టన్నెల్ కట్టే సాఫ్ట్‌వేర్‌తో, దాని దగ్గరికి వచ్చి కలుస్తాయి. 5.6 వెర్షన్ నుంచి ఇది లినక్స్ కెర్నల్‌లోనే ఉంది. రెండు చోట్లా "పర్సిస్టెంట్ కీప్ అలైవ్" 25 సెకన్లు పెట్టండి. పెట్టకపోతే మధ్యలో రౌటర్ ఆ దారి మర్చిపోతుంది, మీరు ఆఫీసు నుంచి షెడ్డుని పిలిస్తే పలకదు.

అద్దె సర్వర్‌లో వెబ్‌కి 80, 443, వైర్‌గార్డ్‌కి యూడీపీ 51820 తెరవండి. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్) పాస్‌వర్డ్‌తో కాకుండా కీతో మాత్రమే. కాడీ సురక్షిత వెబ్ కనెక్షన్‌కి కావాల్సిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ తనే తెచ్చుకుని, గడువు ముగిసేలోపు తనే మార్చుకుంటుంది. వచ్చిన వాళ్లని టన్నెల్ గుండా ఆఫీసుకి పంపుతుంది. డేటా అక్కడ ఏమీ ఉండదు, అది పోతే గంటలో ఇంకోటి నిలబెట్టుకోవచ్చు.

నన్ను ఒక పూటంతా తిప్పిన చిక్కు ఒకటి చెప్తాను. ఆఫీసు అప్లికేషన్ పోర్టుని వైర్‌గార్డ్ అడ్రస్‌కి, అంటే 10.8.0.2కి, కట్టాను. కరెంటు పోయి వచ్చాక యంత్రం లేచింది, అప్లికేషన్ లేవలేదు. వైర్‌గార్డ్ కంటే ముందు డాకర్ లేచింది, అప్పటికి ఆ అడ్రసే లేదు. డాకర్ సర్వీస్ వైర్‌గార్డ్ తర్వాతే మొదలవ్వాలని సిస్టమ్‌డీలో (లినక్స్‌లో సర్వీసులని వరసగా లేపేది) ఒక లైను రాస్తే సరిపోయింది.

ఆఫీసులో నెట్ పోయినా అక్కడి గుమాస్తా పక్క గదిలోని సర్వర్‌ని తెరవగలగాలి. అదే పేరుని ఆఫీసు రౌటర్ లోపలి అడ్రస్‌గా చెప్పేలా పెట్టుకోండి, ఆఫీసులో కూడా ఒక కాడీ ఉంచండి. దాని సర్టిఫికెట్ డీఎన్ఎస్ పద్ధతిలో తెచ్చుకోవాలి.

రీడింగ్ పోకుండా, రెండుసార్లు పడకుండా

పన్నెండు గుంటలు, ఐదు నిమిషాలకొక రీడింగ్. గంటకి 144, రోజుకి 3456. ఒక్కోటి 200 బైట్లు అనుకున్నా రోజుకి 0.7 ఎంబీ, ఏడు రోజులకి 5 ఎంబీ లోపే. దాచడానికి చోటు సమస్య కాదు. ఎక్కడ దాస్తున్నామన్నదే సమస్య. మస్కిటో ఒక క్లయింట్ కోసం మామూలుగా 1000 మెసేజ్‌లు మాత్రమే క్యూలో పట్టి ఉంచుతుంది. మన లెక్కన ఏడు గంటలకే నిండిపోతుంది, ఆ తర్వాత వచ్చినవి పారేస్తుంది. ఆ అంకె పెంచొచ్చు. నాకు ఇంకా గట్టి పద్ధతి కావాలనిపించింది.

రీడింగ్ రాగానే ముందు షెడ్డులోని ఎస్‌క్యూలైట్‌లో రాయండి. పక్కన "పంపలేదు" అని గుర్తు. ప్రోగ్రామ్‌లో ఇంకో భాగం ఆ గుర్తున్నవి తీసి ఆఫీసుకి పంపుతుంది. ఆఫీసు పోస్ట్‌గ్రెస్‌లో రాసి "అందింది" అన్నాకే గుర్తు తీసేస్తుంది. పోస్టులో రిజిస్టర్డ్ ఉత్తరం వేసి, రసీదు వచ్చేదాకా నకలు దాచుకున్నట్టు.

ఇక్కడ తప్పనిసరిగా ఎదురయ్యేది ఒకటుంది. ఆఫీసు రాసింది, "అందింది" అనే మాట దారిలో పోయింది. షెడ్డు మళ్లీ పంపుతుంది. ఇప్పుడు అదే రీడింగ్ రెండోసారి వచ్చింది. ఎంక్యూటీటీలో క్యూఓఎస్ 1 అనే బట్వాడా హామీ కూడా కనీసం ఒకసారి చేరుస్తానని మాత్రమే చెప్తుంది. అందుకని రెండోసారి వచ్చినా ఏమీ కానట్టు ఉండాలి. షెడ్డు పేరు, ఇందాక చెప్పిన వరస నంబరు కలిపి పోస్ట్‌గ్రెస్‌లో యునీక్ కీ పెట్టండి, ఉన్నదే మళ్లీ వస్తే వదిలేయమని రాయండి. మేత ఎంట్రీలకి ఇది మరీ ముఖ్యం. ఐదు బస్తాలు పదయితే లెక్కలో తేడా వస్తుంది, మనుషుల మధ్య అనుమానం వస్తుంది.

ఆఫీసు స్క్రీన్‌లో ప్రతి అంకె కింద "ఎంతసేపటి కిందటిది" అని రాయండి. పది నిమిషాలు దాటితే రంగు తీసేసి బూడిదరంగు చేయండి. నెట్ తిరిగొచ్చాక పాత రీడింగులన్నీ గుంపుగా వస్తాయి, వాటిని చూసి ఆఫీసు అలారం పంపకూడదు. నిన్న రాత్రి డీఓ తగ్గిందని ఈ మధ్యాహ్నం మెసేజ్ వస్తే, రెండోసారి నిజంగా వచ్చినప్పుడు ఎవరూ పట్టించుకోరు.

కుబెర్నెటిస్ కావాలా

కుబెర్నెటిస్ అంటే చాలా యంత్రాల మీద కంటైనర్లని పంచి నడిపే వ్యవస్థ. అది కావాలా అని అందరూ అడుగుతారు. యంత్రాలు పదుల్లో ఉండి, ఒకటి పోతే పని తనంతట తాను పక్కదానికి పోవాలంటే కావాలి. మూడు చోట్ల తలా ఒక యంత్రానికి అక్కర్లేదు, కంపోజ్ చాలు.

రెండు యంత్రాలతో క్లస్టర్ (కలిసి ఒకటిగా పనిచేసే యంత్రాల గుంపు) కట్టొద్దు. ఇలాంటి వ్యవస్థలు సగం కంటే ఎక్కువమంది ఒప్పుకుంటేనే నిర్ణయం తీసుకుంటాయి. ఇద్దరిలో సగం కంటే ఎక్కువంటే ఇద్దరూ. ఒకరు పోయినా మొత్తం ఆగుతుంది, అంటే ఒక్క యంత్రం కంటే రెండు యంత్రాలకే ఆగిపోయే అవకాశం ఎక్కువ. ముగ్గురుంటే ఒకరు పోవచ్చు, ఐదుగురుంటే ఇద్దరు. ఆ మూడూ ఒకే గదిలో, ఒకే స్విచ్ మీద ఉండాలి. షెడ్డు నుంచి నెల్లూరు దాకా సాగదీయకండి. కుబెర్నెటిస్ తన లెక్కలు దాచుకునే ఎట్‌సీడీలో లీడర్ ప్రతి 100 మిల్లీసెకన్లకీ పలకరిస్తుంది, సుమారు సెకను పాటు మాట రాకపోతే మిగతావాళ్లు కొత్త లీడర్‌ని ఎన్నుకోవడం మొదలుపెడతారు. మన గట్టు సిగ్నల్‌తో అక్కడ రోజంతా ఎన్నికలే.

ఆఫీసు పోతే ఎలా అన్న భయం ఉంటే పోస్ట్‌గ్రెస్‌కి వేరే చోట ఒక రెప్లికా (ఎప్పటికప్పుడు తాజా అయ్యే నకలు) పెట్టుకోండి, అవసరమైనప్పుడు మనిషే చూసి దాన్ని ముందుకి తేవాలి. రెప్లికా బ్యాకప్ కాదు. ఆఫీసులో పొరపాటున టేబుల్ తుడిస్తే రెప్లికాలో కూడా అది వెంటనే తుడిచిపెట్టుకుపోతుంది.

బ్యాకప్

నడుస్తున్న డేటాబేస్ ఫోల్డర్‌ని అలాగే కాపీ చేయకండి, సగం రాసిన పేజీలు వస్తాయి. రాత్రి పీజీ డంప్ (పోస్ట్‌గ్రెస్ డంప్ తీసే పనిముట్టు)తో డంప్ తీసి, దాన్నీ ఫొటోలనీ రెస్టిక్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌తో రెండు చోట్లకి పంపండి: ఆఫీసులో రెండో డిస్కు, ఊరి బయట ఇంకోటి. పెన్నా నీళ్లు ఆఫీసులోకి వస్తే రెండు డిస్కులూ ఒకేసారి తడుస్తాయి. రెస్టిక్ పాస్‌వర్డ్ పోతే బ్యాకప్ మొత్తం పోయినట్టే, ఎవరూ తీయలేరు. కాగితం మీద రాసి ఇంట్లో బీరువాలో పెట్టండి, ఇంకో నకలు నమ్మకమైన మనిషి దగ్గర ఉంచండి.

నెలకోసారి ఖాళీ యంత్రం మీద మొత్తం తిరిగి నిలబెట్టండి, ఎంతసేపు పట్టిందో రాసుకోండి. మాకు మొదటిసారి ఒక రోజంతా పట్టింది. నెక్స్ట్‌క్లౌడ్ కాన్ఫిగ్ బ్యాకప్‌లో లేదని అప్పుడే తెలిసింది. ఇప్పుడు మధ్యాహ్నం భోజనం లోపు అయిపోతుంది.

పీకి చూడండి

అన్నీ నడుస్తున్నాయి అనుకున్న రోజు, సీజన్ మొదలవకముందు, ఒక ఆదివారం పెట్టుకోండి. గుంటలో పిల్ల వేయకముందు అయితే ఇంకా మంచిది.

షెడ్డు నెట్ కేబుల్ పీకి ఒక రాత్రంతా వదిలేయండి. సెన్సార్‌ని బకెట్లో మరిగించి చల్లార్చిన నీళ్లలో ముంచండి, కాచిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ ఉంటుంది కాబట్టి హూటర్ మోగాలి. పొద్దున కేబుల్ పెట్టి, ఆఫీసులో రాత్రి రీడింగుల సంఖ్య, షెడ్డు ఎస్‌క్యూలైట్‌లో సంఖ్య పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్కటి కూడా తేడా రాకూడదు. తర్వాత మెయిన్ స్విచ్ ఆపండి, యూపీఎస్ అడుగంటనివ్వండి, మళ్లీ వేసి ఏదీ ముట్టుకోకుండా అన్నీ లేచేదాకా టైము చూడండి. నెట్ లేకుండా లేచాక గడియారం చూడండి. ఒక పనికిరాని పెద్ద ఫైల్‌తో డిస్కు నింపి ఎవరికి ముందు తెలుస్తుందో చూడండి. అద్దె సర్వర్ ఆపి, ఆఫీసు గుమాస్తాని పని చేసుకోమనండి.

చివరగా ఒక కాగితం ప్రింట్ తీసి, లామినేషన్ చేయించి షెడ్డు గోడకి అంటించండి. మా దాంట్లో నాలుగు లైన్లే ఉన్నాయి. హూటర్ ఆగకుండా మోగితే ముందు ఏరేటర్లు చూడండి. ఆగి ఆగి మోగితే సెన్సార్ తీసి మంచినీళ్లతో కడగండి. స్క్రీన్ నల్లగా ఉంటే తెల్ల పెట్టె ప్లగ్గు తీసి, పది లెక్కపెట్టి మళ్లీ పెట్టండి. అప్పటికీ రాకపోతే చేతి మీటర్‌తో గంటకోసారి డీఓ చూసి పుస్తకంలో రాయండి, టైము మీ ఫోన్ చూసి వేయండి.